తుత్తునాగం

మా నాయన దాన్ని తుత్తునాగం అనేవాడు.
ఎరువుల కొట్టు శేషారెడ్డి జింకు అంటాడు.
నెల్లూరు ఆసుపత్రిలో గళ్ళ చీర డాక్టరమ్మ
కాగితం మీద రెండక్షరాలు గీసింది,
పెద్దదొకటి, దాని పక్కన చిన్నదొకటి.
మూడూ ఒకటేనని తెలిసేసరికి
నాకు యాభై రెండేళ్ళొచ్చినాయి.

మాది విడవలూరు పక్కన, కాలవ చివర.
సముద్రం గాలి తగిలే చౌడు.
ఎడగారు నాట్లేసిన మూడో వారానికి
ఆకు మొదట్లో ఈనె పాలిపోద్ది.
ఆనక పాత ఇనప బకెట్టు అడుగు మాదిరి
తుప్పు చుక్కలు.
కొత్తగా సేద్యానికి దిగినోడు తెగులనుకోని
ఏదో మందు కొడతాడు.
నేను గట్టు మీద నిలబడే చెప్తా:
లీటరుకి రెండు గ్రాములు,
ఐదు రోజులాగి మళ్ళా ఒకసారి.
వారం దాటితే పైరు నలుపు తిరుగుద్ది.

అట్టాంటి కళ్ళుండి కూడా
నా ఎడం రొమ్ములో గింజని కనిపెట్టలేదు.
రేగ్గాయంత అయినాక,
నీళ్ళు పోసుకుంటా ఉంటే
చేతికే తగిలింది.

"రక్తంలో జింకు తక్కువుంది మస్తానమ్మగారూ"
అనింది డాక్టరమ్మ.
ఓస్, ఇంతేనా అనుకున్నా. చల్లితే పోద్ది.
"గడ్డలో మాత్రం ఎక్కువుంటుందంట,
చాలామందిలో అట్టే చూశారు."

నా మనసు ఆడే ఆగిపోయింది.
ఒంట్లో కరువైంది
గడ్డలో ఎట్టా నిండింది?

ఆమె పెన్నుతో గుండ్రంగా గోడ గీసింది.
గోడ పొడుగునా చిన్న చిన్న సందులు.
"ఇవి తూములనుకోండి."
అనుకునేదేముంది తల్లీ,
తూము సంగతి నాకు చెప్పాలా!

పై భూముల ఆసామి
లస్కరు నిద్రపోయినాక
పలక ఎత్తి నీళ్ళు మళ్ళించుకుంటాడు.
వాడి మడి మోకాలు లోతు.
కింద మేము
నెర్రెల్లో పీతల్ని చూసుకుంటా కూర్చుంటాం.
కాలవకి నీళ్ళు చాల్లేదని
ఆఫీసులో రాసుకుంటారు.
నీళ్ళున్నాయి.
ఒకడి మడిలో ఉన్నాయి.

మంచి కణం అక్కరకి తెరిచి
చాలనగానే మూస్తుందంట.
దీనికి మూసే తెలివి పోయింది.
తాగేకొద్దీ పెరుగుద్ది,
పెరిగేకొద్దీ తాగుద్ది.

పెంచలరత్నం పుట్టినప్పుడు
ఆ తూములే తెరుచుకున్నాయి.
పాలల్లో కలిసి అది కూడా పోద్దంట,
బిడ్డ ఎముకకీ తోలుకీ.
ఏడాదిన్నర తాగినాడు వాడు.
నాకు తెలీకుండానే
ఎన్ని చిటికెలు పోసి పంపినానో.
అదే రొమ్ము.
అదే చోటు.

"బిళ్ళలు మింగేదా మరి?" అడిగినా.
ఆమె పెన్ను మూత పెట్టింది, తీసింది.
"నేను చెప్పకుండా మింగొద్దు.
మనం పోసింది ఎవరు తాగుతారో
మాకింకా సరిగ్గా తెలీదు."
తెలీదని చెప్పిన డాక్టర్ని
చూడ్డం అదే మొదలు.
ఎందుకో, బో ధైర్యమొచ్చింది.

తిరుగు బస్సు పెన్న వంతెన ఎక్కితే
ఒడ్డున జింకు రేకుల షెడ్లు
కళ్ళు గుచ్చతా మెరిసినాయి.
ఇన్ని ఇళ్ళ మీద పడుంది,
నా నెత్తురుకి లేకపోయింది గదా అని
నాలో నేనే నవ్వుకున్నా.
పక్క సీటు ముసలాయన జరిగి కూర్చున్నాడు.

ఇప్పుడు ఎడం భుజాన
మందు డబ్బా పట్టీ నిలవదు, చెయ్యి వాస్తది.
డబ్బా మా తోడికోడలు సుబ్బరత్నం మోస్తది.
నేను గట్టు మీద కూర్చోని తెల్లపొడి తూస్తా,
కంసాలి మాదిరి, ఊపిరి బిగబట్టి.
నీళ్ళల్లో పడితే
ఆనవాలు లేకుండా కరిగిపోద్ది.

అది రెండో సంచి మూతి విప్పబోతే
అరిచినా:
"భాస్వరంతో కలపబాక మే!
రెండూ ముడిపడితే మొక్కకి దక్కదు."

మడవలో నీళ్ళు సన్నగిల్లినాయి.
పైన ఎవడో పలక ఎత్తినట్టుండాడు.
పార అందుకోని లేచినా,
కుడి చేత్తో.